అట్టపెట్టె మీది పేరుకే రక్షణ

ఢిల్లీ నుంచి వ్రాసే లేఖలో మంత్రివర్గపు మార్పుల ఊసో, పార్లమెంటులో జరిగిన గలభా ఊసో లేకపోతే పాఠకులకు వెలితిగా తోచవచ్చు. అయినా ఈ వారం పార్లమెంటు వీధిని వదిలి, నగరానికి ఉత్తరాన కర్నాల్ రోడ్డు పక్కనున్న సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌కు పాఠకులను తీసుకుపోదలచాను. నాలుగు దిక్కుల నుంచి వచ్చే లారీలు సరుకు దించుకుని తిరుగు సరుకు కోసం కాచుకుని ఉండే చోటు అది. ప్రభుత్వాలు మారినా అక్కడి బురద మారలేదు.

అక్కడొక గుంటూరు లారీ కనిపించింది. ఖారీ బావ్లీ వ్యాపారులకు మిరపకాయల లోడు తెచ్చిన లారీ. యజమాని ఆయనే, డ్రైవరూ ఆయనే. వెంట మేనల్లుడు క్లీనరుగా ఉన్నాడు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, గోనెపట్టా పరచుకుని, ఆయన లారీ కింద వెల్లకిల పడుకుని ఉన్నాడు. మేనల్లుడు చక్రాన్ని కుడియెడమల పట్టుకుని ఊపుతున్నాడు. ఊపినప్పుడల్లా కిందినుంచి ‘టక్, టక్’మని చిన్న చప్పుడు వస్తున్నది. రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ చివరనుండే గుండు కీలు, మెకానిక్కుల భాషలో టై రాడ్ ఎండ్, అరిగి వదులైపోయింది. దారిలో ఎక్కడో ఒక ఊరిలో పది నెలల కిందట వేయించినదట. ఊడదీసి డీజిల్‌తో కడిగి నా చేతికిచ్చాడు. తిప్పి తిప్పి చూశాను. దానిమీద ఒక పేరు లేదు, ఒక అంకె లేదు, ఒక ముద్ర లేదు. ఎవరు చేశారో చెప్పగలిగిన ఆనవాలు ఒక్కటీ లేదు.

పక్క దుకాణంలో ఆయన ముందు మూడు అట్టపెట్టెలు పెట్టారు. ఒకటి లారీ కంపెనీ పేరుతో వచ్చినది, దాని ధర అన్నిటికంటే ఎక్కువ. రెండవది విడిభాగాలు తయారుచేసే పేరున్న సంస్థ తన సొంత పేరుతో అమ్మేది, ధర కొంత తక్కువ. మూడవ దానిమీద ఏవో మెరిసే అక్షరాలున్నవి గాని అర్థవంతమైన పేరేమీ లేదు. ధర మొదటి దానిలో సగం కూడా లేదు. పైకి చూస్తే మూడింటికీ ఒకటే ఆకారం, ఒకటే నల్లరంగు. ‘మీరు పేపరువారు గదండీ, ఏది కొనమంటారో చెప్పండి’ అని ఆయన నన్నే అడిగాడు. నాకు తెలియదని ఒప్పుకున్నాను. ‘నాకూ తెలియదండీ. దుకాణందారుకు తెలుసేమో గాని చెప్పడు’ అన్నాడాయన.

ఆయన చేతగాక అడిగిన ప్రశ్న కాదది. ఇరవై యేళ్లుగా లారీ నడుపుతున్నవాడు, తన బండిని తానే విప్పి బిగించుకోగలిగినవాడు. మన దేశంలో లారీ యజమానులలో అత్యధికులు ఇటువంటి చిన్నవారే. ఒకటి రెండు బండ్లు, నెలనెలా ఫైనాన్స్ కంపెనీకి కట్టవలసిన వాయిదా, ఆగిన ప్రతి రోజుకూ నష్టం. కంపెనీ వారి వర్క్‌షాపుకు పోతే బండి ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు, కూలి ఎంత వేస్తారో తెలియదు. అందుచేత వారు తమ మరమ్మతు తామే చేసుకుంటారు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వయసులోనే స్పానర్ పట్టినవారి చేతి పనితనాన్ని తక్కువ చేయడానికి వీలు లేదు. లోటు పనితనంలో లేదు, కొనే సరుకు గురించిన తెలివిడిలో ఉన్నది. ఆ తెలివిడిని ఆయనకు అందకుండా చేసినవారు ఈ రాజధానిలోనూ, పెద్ద కంపెనీల కార్యాలయాలలోనూ ఉన్నారు గనుకనే ఈ లేఖ.

ముందుగా ఆ చిన్న ఇనుపముక్క ఎందుకంత ముఖ్యమో చెప్పుకోవాలి. లారీలో చాలా భాగాలు చెడిపోయేముందు సూచన ఇస్తవి. ఇంజను పొగ చిమ్ముతుంది, క్లచ్చి జారుతుంది. బ్రేకులలో ఒక వరుస పోతే రెండవ వరుస ఉంటుంది, ఆపైన చేతి బ్రేకు ఉంటుంది. పవర్ స్టీరింగులో పంపు ఆగినా బలమంతా పెట్టి చక్రాన్ని తిప్పవచ్చు. కాని డ్రైవరు చేతిలోని చక్రం నుంచి రోడ్డు మీది చక్రం దాకా ఉన్న లంకెలలో, అంటే స్టీరింగ్ బాక్స్ నుంచి వేలాడే డ్రాప్ ఆర్మ్, దానినుంచి పోయే డ్రాగ్ లింక్, చక్రాలను కలిపే టై రాడ్, చక్రం తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్, వీటిలో ఏ ఒక్కటి తెగినా రెండవ ఏర్పాటు లేదు. డ్రైవరు చేతిలో చక్రం ఉంటుంది గాని దాని మాట వినేది ఏదీ ఉండదు. నిండు లోడుతో వచ్చే లారీకి ఎదురుగా ఆ క్షణంలో స్కూటరు ఉంటుందో, బడిపిల్లల ఆటో ఉంటుందో ఎవరు చెప్పగలరు?

ఆ కీలులో ఉండేది ఒక గుండు తల ఉన్న ఉక్కు కాడ, దానిని పట్టి ఉంచే గిన్నె, గ్రీజును లోపల, దుమ్మును బయట ఉంచే రబ్బరు తొడుగు. చూడడానికి ఇంతే. కాని మంచి తయారీదారు ఆ కాడను సాగగొట్టి రూపుదిద్దుతాడు, కాల్చి చల్లార్చి పైపొరను గట్టిపరుస్తాడు, లోపలి ఉక్కులో మాత్రం సాగే గుణం మిగులుస్తాడు. అప్పుడే అది గుంటలో పడ్డ దెబ్బకు వంగుతుందేమో గాని విరగదు. దొంగ సరుకు తయారుచేసేవాడు మామూలు ఇనుప కడ్డీని లేతు మీద తిప్పి అదే ఆకారం తెస్తాడు. కాల్చడం మానితే అది నెలలలో అరిగిపోతుంది. మితిమీరి గట్టిపరిస్తే గాజుముక్కలా పుటుక్కుమంటుంది. కాడ మొన వాలు రవంత తేడాగా ఉన్నా రంధ్రంలో నిండుగా కూర్చోక అంచు మీదనే ఆనుతుంది, ఎంత బిగించినా కొన్ని వందల మైళ్లకు వదులవుతుంది. ఈ తేడాలలో ఏదీ కంటికి కనిపించదు. నల్లరంగు అన్నిటినీ కప్పుతుంది.

అందుచేత ‘కంపెనీది కొను, బజారుది కొనకు’ అని చెప్పి చేతులు దులుపుకోవచ్చునా? అనేకులు అదే చెపుతారు. కంపెనీల ప్రకటనలైతే మరీను. కాని ఈ మాటలో సగమే నిజమున్నది. లారీ కంపెనీలు తమ బండిలోని ప్రతి ముక్కనూ తామే చేయవు. స్టీరింగు లంకెలవంటి వాటిని ప్రత్యేకంగా వాటినే చేసే సంస్థల నుంచి కొని అమరుస్తవి. 1929లో మద్రాసులో మొదలైన రానే సంస్థ పేరు మన లారీవారిలో ఎరగనివారు తక్కువ. ఒకే కర్మాగారంలో, ఒకే కొలతతో, ఒకే కొలిమిలో తయారైన కీలు ఒక పెట్టెలో పడితే కంపెనీ సరుకు, మరొక పెట్టెలో పడితే బజారు సరుకు అనిపించుకోవచ్చు. అట్టపెట్టె మారినంత మాత్రాన ఉక్కు మారదు. ధర మాత్రం మారుతుంది.

ఈ సంగతి బజారు కబురు కాదు, కాంపిటిషన్ కమిషన్ రికార్డులకెక్కింది. 2011లో ఒక వినియోగదారుడు ఇచ్చిన ఫిర్యాదుతో మొదలైన విచారణ అనేక కంపెనీలకు పాకి, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలపై దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు చేసే సంస్థలు తమ సరుకును నేరుగా బహిరంగ మార్కెట్‌లో అమ్ముకోకుండా ఒప్పందాలతో కట్టివేయడం, బయటి మెకానిక్కులకు భాగాలు, పరీక్షా పరికరాలు అందకుండా చేయడం పోటీకి విరుద్ధమని చెప్పింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదన్నది. కంపెనీలు అపీళ్లకు పోయినవి. 2016లో అపీలు ట్రిబ్యునల్ తన ఎదుటికి వచ్చిన కంపెనీల తప్పును నిలబెడుతూనే జరిమానాను బాగా తగ్గించింది. ఇంత పెద్ద తీర్పులో చర్చ అంతా కార్ల మీదనే నడిచింది. లారీవాని ఊసు దానిలో లేదు. కారు చెడితే యజమాని టాక్సీలో ఆఫీసుకు పోతాడు. లారీ చెడితే యజమాని ఇంట పొయ్యి వెలగదు. ఫిర్యాదు చేసే తీరిక, లాయరును పెట్టుకునే స్తోమత మాత్రం మొదటివానికే ఉంటవి.

2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ కోసం ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలతోపాటు మోటారు వాహనాలను కూడా దాని పరిధిలో చేర్చింది. ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా ప్రారంభమైంది. సంతోషమే. అయితే ఆ హక్కు అంటే కంపెనీల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఒకచోట చేర్చడమేనా అన్న అనుమానం తీరలేదు. ట్రాన్స్‌పోర్ట్ నగర్ బురదలో గోనెపట్టా మీద పడుకున్నవానికి కావలసింది ఒకే ఒక్క సమాచారం. చేతిలో ఉన్న ముక్కను ఎవరు చేశారు, అది ప్రమాణానికి నిలిచిందా లేదా?

ఇక మూడవ పెట్టె. పాత ఢిల్లీలోని కాశ్మీరీ గేట్ బజారును చూసినవారికి ఈ దేశపు మోటారు విడిభాగాల వ్యాపారం ఎంతటిదో తెలుస్తుంది. అక్కడ నిజాయితీగల వర్తకులు తరతరాలుగా ఉన్నారు. వారి పక్కనే దొంగ సరుకు అమ్మేవారూ ఉన్నారు. పెద్ద కంపెనీలు కోర్టు ఉత్తర్వులతో వచ్చి నకిలీ సరుకు పట్టుకుంటున్న వార్తలు తరచు చదువుతూనే ఉంటాము. పట్టుకున్న పెట్టెలను లెక్క పెట్టి, సీలు వేసి, పత్రికలకు ఫోటోలు ఇస్తారు. ఇక్కడే పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ దాడులు ముఖ్యంగా ట్రేడ్ మార్కుల రక్షణ కోసం జరిగేవి. కంపెనీ పేరును దొంగిలించినవాడు దొరుకుతాడు. పేరేమీ దొంగిలించకుండా ఏదో ఒక అర్థంలేని పేరుతో నాసి ఇనుమును అమ్మేవాని జోలికి ఏ కంపెనీ పోదు. పోవలసిన అవసరం వారికి లేదు. గుంటూరు యజమాని ముందున్న మూడవ పెట్టె సరిగా అటువంటిది.

చట్టాల వరుస చూడండి. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం దొంగ ముద్ర వేసినవానికీ, అటువంటి సరుకు అమ్మినవానికీ కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, ఏభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 182ఎ అనే సెక్షన్‌ను తిరగరాసి, కేంద్రం ‘కీలక భద్రతా భాగం’గా ప్రకటించిన వస్తువును ప్రమాణానికి విరుద్ధంగా అమ్మినవానికి ఒక సంవత్సరం దాకా జైలు, లేదా ఒక్కొక్క భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. కనీస శిక్ష అంటూ లేదు. ఆ ప్రకటనలో లేని భాగానికైతే ఈ సెక్షన్ వర్తించనే వర్తించదు. పేరు దొంగకు మూడేళ్లు, ప్రాణం తీయగల ఇనుమును అమ్మినవానికి ఏడాది. కంపెనీల గౌరవానికీ ప్రజల ప్రాణానికీ మన శాసనకర్తలు కట్టిన వెలలు ఇవి.

ఆ ఇనుము విరిగి ఎవరైనా చనిపోతే చక్రం పట్టుకున్నవాని సంగతి ఏమిటి? 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైనవానికి అయిదేళ్ల దాకా జైలు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్లు అన్న రెండవ క్లాజు మీద 2024 జనవరి మొదటి వారంలో దేశమంతటా లారీలు నిలిచిపోయిన సంగతి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం దిగివచ్చి రవాణాదారుల సంఘంతో సంప్రదించకుండా అమలు చేయబోమన్నది. తక్కిన సంహితతోపాటు ఆ క్లాజు అమలులోకి రాలేదు. ఆ సమ్మె రోజులలో రాజధాని పత్రికలన్నీ డ్రైవర్ల నిర్లక్ష్యం గురించీ, వారి తాగుడు గురించీ వ్రాసినవి. బండి ఎందుకు అదుపు తప్పిందని అడిగినవారు కనిపించలేదు.

2022లో మన రోడ్లమీద 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని రవాణా మంత్రిత్వశాఖ లెక్క. వీటిలో 72 శాతానికి అతివేగమే కారణమని ఆ లెక్కలోనే ఉన్నది. అతివేగం నిజమే, కాదనను. కాని ఆ కారణాన్ని వ్రాసేది పోలీసు స్టేషన్‌లోని రైటరు. విరిగిన కీలును గుర్తుపట్టడం ఆయన విద్య కాదు. వాహనాన్ని పరీక్షించే అధికారం చట్టంలోని 136వ సెక్షన్ ఇచ్చింది. వచ్చే అధికారిని మనవైపు ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’ అంటారు. ఆ పేరులో ఒక సత్యమున్నది: ఆయన బ్రేకులు చూసిపోతాడు! నుజ్జునుజ్జయిన లారీలో ఒక ఉక్కు కాడ ప్రమాదానికి ముందు విరిగిందా, ప్రమాదంలో విరిగిందా అని తేల్చాలంటే విరిగిన ముఖాన్ని ప్రయోగశాలలో చూడాలి. అరిగి అరిగి తెగినదానికీ, ఒక్క దెబ్బకు తెగినదానికీ ఉక్కు ముఖం మీద ఆనవాళ్లు వేరు. ఇంత శ్రమ ఎన్ని కేసులలో పడుతున్నారు? మెకానికల్ లోపం అన్న గడిలో అంకె చిన్నదిగా ఉండడానికి లోపాలు తక్కువగా ఉండడమొక్కటే కారణమని నమ్మడం కష్టం.

యజమానికి మరొక చిక్కు ఉన్నది. 1977లో బొంబాయి లారీ ప్రమాదపు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. యంత్రలోపం వల్ల ప్రమాదం జరిగిందని యజమాని వాదించదలచుకుంటే, ఆ లోపం పైకి కనిపించనిదనీ, తాను తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడనీ నిరూపించుకోవలసిన భారం అతనిదేనన్నది. సూత్రం న్యాయమైనదే. కాని నిరూపించడానికి అతని దగ్గర ఏమున్నది? ‘బిల్లు ఇస్తారా?’ అని గుంటూరు ఆయన అడిగితే దుకాణందారు, ‘బిల్లంటే పన్ను పడుతుంది, వద్దంటే తగ్గిస్తాను’ అన్నాడు. 2025 సెప్టెంబరు 22 దాకా మోటారు విడిభాగాలలో అనేకం మీద జి.ఎస్.టి. 28 శాతం ఉండేది. విలాస వస్తువుల సరసన టై రాడ్ ఎండ్‌ను కూర్చోబెట్టిన మేధావి ఎవరో గాని, అన్నేళ్లపాటు ఆ పన్ను దొంగ సరుకుకు ప్రభుత్వమిచ్చిన ప్రోత్సాహకంగానే పనిచేసింది. ఇప్పుడు అన్ని భాగాలమీదా 18 శాతమైంది. తగ్గినది ఎంతో కొంత మేలే. బిల్లు అడిగే అలవాటు మాత్రం పన్నుతోపాటు దానంతట అది రాదు.

అటువంటప్పుడు సొంత మరమ్మతు చేసుకునే యజమాని ఏమి చేయాలి? నేను మెకానిక్కును కాను. అయినా తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది చెప్పడం నా బాధ్యత. దీపాల అద్దాలు, హారను, మడ్‌గార్డులు, సీట్లు, ఇటువంటివి ఎక్కడ చవక అయితే అక్కడ కొనుక్కోవచ్చు. స్టీరింగు లంకెలలో మాత్రం చవక చూడకూడదు. కంపెనీ పెట్టె కొనే శక్తి లేకపోతే, ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పెట్టె కొనడం తక్కువైన పని ఏమీ కాదు; నా దృష్టిలో చిన్న యజమానికి అదే సరైన ఎంపిక. అయితే బండి మోడలుకు సరిపడే పార్టు నంబరు చూసుకోవాలి, ఉక్కు మీదనే తయారీదారు ముద్ర ఉన్నదేమో చూసుకోవాలి, బిల్లు మీద ఆ నంబరు వ్రాయించుకోవాలి. పేరు లేని పెట్టెను ఎంత చవకైనా ముట్టరాదు. పాత బండ్లను విప్పే మాయాపురి వంటి చోట్ల దొరికే వాడిన కీళ్లూ అంతే. ఎన్ని మైళ్లు తిరిగిందో, ఏ గుంటలో ఏ దెబ్బ తిన్నదో తెలియని ఉక్కు అది.

మంచి భాగం కొన్నా బిగింపులో చెడగొట్టుకునేవారున్నారు. పాత కీలు రాకపోతే గ్యాస్ మంట పెట్టి కాల్చడం, వంగిన డ్రాగ్ లింకును కాల్చి సుత్తితో సరిచేయడం, అరిగిన గుండును వెల్డింగుతో నింపడం మన దారులలో నిత్యం జరిగేవే. మంట తగిలిన ఉక్కుకు కర్మాగారంలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టుకుని కొత్తదానిని అన్నే చుట్లు ఎక్కించాలి. తరువాత వెంటనే అలైన్‌మెంట్ చూపించాలి, లేకపోతే ముందు టైర్లు కొద్ది రోజులలోనే ఒక అంచున నున్నబడతవి. నట్టు గాడి, కాడ రంధ్రం ఎదురెదురుగా రాకపోతే వెనక్కు వదులు చేయకూడదు, ఇంకొంచెం ముందుకే బిగించాలి. స్ప్లిట్ పిన్ పాతది వాడకూడదు. కొన్ని రూపాయల సరుకు అది. పాత పిన్‌నే మళ్లీ వంచి పెట్టేవాని పొదుపును మెచ్చుకోలేము. కింగ్ పిన్ బుష్‌లు మాత్రం రోడ్డు పక్కన చేసుకునే పని కాదు. రీమరుతో కొలతకు తెచ్చే చెయ్యి ఉన్నచోటికి బండిని తీసుకుపోవలసిందే.

విచిత్రమేమంటే ఈ జాగ్రత్తలు ప్రభుత్వానికి తెలియనివి కావు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 98వది చదవండి. స్టీరింగు చక్రం దగ్గర వృథాగా తిరిగే ఆట 30 డిగ్రీలకు మించరాదు, లంకెల బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు తొడుగులుండాలి, బోల్టులతోనో పిన్నులతోనో బిగించినవి ఊడకుండా గట్టి కట్టుతో ఉండాలి అని స్పష్టంగా ఉన్నది. వ్రాసినవాడెవరో లారీ కింద దూరి చూసినవాడే అయి ఉండాలి. కాని ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనానికి రెండేళ్లకొకసారి, ఆపైన ఏడాదికొకసారి ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చిన లారీల కింద రబ్బరు తొడుగులను వంగి చూసే ఇన్‌స్పెక్టర్లు ఎందరున్నారో ఆ ఆఫీసుల ముందు నిలబడిన ఏ డ్రైవరునైనా అడగవచ్చు. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకే బండ్లు పోవాలన్న నియమాన్ని పెద్ద సరుకు లారీలకు మొదట 2023 ఏప్రిల్ నుంచి అన్నారు, తరువాత 2024 అక్టోబరుకు జరిపారు. యంత్రం వచ్చినా అది ఆటను కొలుస్తుంది గాని కీలు లోపలి ఉక్కు ఎటువంటిదో చెప్పలేదు.

కనుక చేయవలసినది పరీక్షా కేంద్రంలో కంటే ముందు, బజారులో. మోటారు వాహనాల టైర్లు ప్రమాణ ముద్ర లేకుండా అమ్మరాదని 2009లో ఉత్తర్వు వచ్చింది. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు 2020లో వచ్చింది. ముద్ర లేని హెల్మెట్ల అమ్మకం పూర్తిగా ఆగిపోలేదు, నిజమే. కాని కొనేవానికి చూసుకోవడానికి ఒక గుర్తు అంటూ ఏర్పడింది. స్టీరింగు లంకెలకూ అటువంటి గుర్తు కావాలి, అదీ చిరిగిపోయే అట్టపెట్టె మీద కాదు, ఉక్కు మీద, తయారీదారు పేరుతో, తయారైన విడత అంకెతో సహా. అప్పుడు పది నెలలకు అరిగినదానిని కడిగి చూస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. పోలీసు రైటరుకూ తెలుస్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకూ తెలుస్తుంది, కోర్టుకూ తెలుస్తుంది. కీలక భద్రతా భాగాల జాబితాను గెజిట్‌లో దాచక ప్రతి దుకాణం గోడమీద ఆయా రాష్ట్రాల భాషలలో వ్రేలాడదీయించాలి. లారీ కంపెనీలు తమ సరఫరాదారులు సొంత పేరుతో అమ్ముకోవడానికి అడ్డు పడరాదన్న సూత్రం కార్లకు ఎంతో లారీలకూ అంతే కావాలి. పార్లమెంటులో ఈ ప్రశ్న వేయడానికి మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులలో రవాణా వ్యాపారం ఎరిగినవారికి కొదవ లేదు.

ఇది మన సరిహద్దులతో ఆగే వ్యవహారం కూడా కాదు. నేపాల్ కొండదారులలో తిరిగే లారీలలో మన దేశంలో తయారైనవెన్నో ఉన్నవి. బంగ్లాదేశ్‌లోనూ అంతే. లంక అశోక్ లేలాండ్ సంస్థ 1982లోనే ఏర్పడింది. మన లారీ పోయినచోటికల్లా దాని విడిభాగాలూ పోతవి. మంచి సరుకు పోయే దారినే దొంగ సరుకూ పోతుంది. కాఠ్మాండూకు ఎక్కే మలుపులో విరిగిన కీలు మీద ఏ పేరూ లేకపోయినా అది ఏ దేశం నుంచి వచ్చిందో అక్కడివారికి తెలుసు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషన్ ఉండి తీరాలని ప్రభుత్వం నియమం చేసింది. డ్రైవరు చెమట గురించి ఢిల్లీ ఆలోచించడం ఇదే మొదటిసారి కాబోలు, అభినందించవలసిందే. గుంటూరు ఆయన లారీ పాతది, దానికి ఆ యోగం లేదు. ఆయన రెండవ పెట్టె కొన్నాడు. బిల్లు వ్రాయించడానికి అరగంట వాదించవలసివచ్చింది. పన్ను వేసి, పార్టు నంబరు లేకుండా ఒక చీటీ ఇచ్చారు. నంబరు కూడా వేయమని ఆయన మళ్లీ కౌంటరు దగ్గర నిలబడితే, వెనకనున్న మరొక డ్రైవరు, ‘మీది అయిందా లేదా?’ అని విసుక్కున్నాడు. ఆ డ్రైవరు చేతిలో ఉన్నది మూడవ పెట్టె.